ఆ కేక నాది కాదు: యార్డ్ షో వెనక పనిచేసిన నా అనుభవం

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన మనవాళ్లు దిగీ దిగగానే వెతుక్కునేది క్యాంపస్ జాబ్. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. డైనింగ్ హాల్ అయినా, లైబ్రరీ అయినా, ఏది దొరికితే అది. నాకు టెక్సస్‌లో నేను చదివిన యూనివర్సిటీలో, స్టూడెంట్ సెంటర్ ఈవెంట్ క్రూలో దొరికింది. కుర్చీలు వేయడం, మైకులు పెట్టడం, అంతా అయ్యాక వైర్లు చుట్టి సర్దడం. ఖమ్మంలో వినాయక చవితి పందిట్లో మైక్‌సెట్ వాళ్ల పక్కన నిలబడి చూసిన అనుభవం తప్ప నాకు ఇంకే అర్హతా లేదు.

ఆ ఫాల్ సెమిస్టర్‌లో నాకు అప్పజెప్పిన పెద్ద పని యార్డ్ షో. నల్లజాతి విద్యార్థుల ఫ్రాటర్నిటీలు (మగపిల్లల సంఘాలు), సొరోరిటీలు (ఆడపిల్లల సంఘాలు) అందరి ముందుకీ వచ్చి, స్టెప్పులు వేసి, తమ చరిత్ర చెప్పుకుని, తమ కేకలు వేసే సాయంత్రం అది. యార్డ్ అంటే క్యాంపస్ మధ్యలో పిల్లలంతా తిరిగే ఖాళీ స్థలం. సొరోరిటీ అనగానే నాకు అప్పటిదాకా తెలిసింది హాలీవుడ్ సినిమాల్లోదే: పెద్ద బంగళా, తెల్లమ్మాయిలు, పార్టీలు. అలాంటివి నిజంగానే ఉన్నాయి. 1902లో మొదలైన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఇరవైకి పైగా సొరోరిటీలున్నాయి. యార్డ్ షో చేసేవాళ్లు వేరు. వాళ్లది నేషనల్ పాన్-హెలెనిక్ కౌన్సిల్. 1930లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో పుట్టింది. మొత్తం తొమ్మిది సంఘాలు కాబట్టి డివైన్ నైన్ అంటారు. వాటిలో నాలుగు ఆడపిల్లలవి. రెండు పేర్లూ ఒకేలా ఉండటంతో ఆఫీసులో ఫామ్‌లు అటూ ఇటూ అయిపోతుంటాయి. మా సూపర్‌వైజర్ నాకు చెప్పిన మొదటి మాటే, పాన్ తర్వాత గీత ఉందో లేదో చూసుకోమని.

ఆవిడ వయసు యాభై దాటింది. డెల్టా సిగ్మా థీటా సభ్యురాలు. ఆ సంగతి నాకు చాలా రోజుల దాకా తెలీదు, ఎందుకంటే ఆఫీసులో ఎర్రరంగు గానీ అక్షరాలు గానీ ఎప్పుడూ వేసుకునేది కాదు. అన్ని సంఘాలకూ తనే పని చేసి పెట్టాలి, ఒక వైపు కనిపించకూడదని ఆవిడ నియమం.

మొదట నాతో ఆర్డర్ షీట్ చేయించింది. ఎవరి తర్వాత ఎవరు స్టేజీ ఎక్కాలి, యాంకర్ ఏ వరసలో పేర్లు చదవాలి అన్నది. నేను అక్షర క్రమంలో పెట్టాలా అని అడిగాను. "పుట్టిన క్రమం. ఇక్కడ ఎవరు ముందు అనేదానికి వేరే లెక్క లేదు" అంది. ఆల్ఫా ఫై ఆల్ఫా 1906. ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908. కప్పా ఆల్ఫా సై, ఒమేగా సై ఫై రెండూ 1911, కానీ కప్పా జనవరి, ఒమేగా నవంబర్. డెల్టా సిగ్మా థీటా 1913. ఫై బీటా సిగ్మా 1914. జీటా ఫై బీటా 1920. సిగ్మా గామా రో 1922. చివరగా అయోటా ఫై థీటా 1963. కొత్తగా చేరిన సభ్యులు మొదటిసారి జనం ముందుకు వచ్చే కార్యక్రమంలో మిగతా సంఘాల వాళ్లను పలకరించేదీ ఈ వరసలోనే. ఒక పేరు వదిలేస్తే ఆ వరసలో నిలబడ్డ వాళ్లందరికీ తెలిసిపోతుంది. ఇంటర్‌లో సైన్ థీటా, కాస్ థీటా వల్లించిన మనకు ఈ పేర్లు సులువే గానీ, అమెరికన్లు థేటా, బేటా అంటారు. యాంకర్‌కి ఇచ్చే కాగితం మీద ఆ పలుకుబడే రాశాను.

తర్వాతది సౌండ్. స్టెప్పింగ్‌లో వాద్యం ఉండదు. కాళ్లు, అరచేతులు, గొంతే సంగీతం. అందుకని చెక్క స్టేజీ మీద నేలకు ఆనించి మైకులు పెట్టాలి. రిహార్సల్ రోజున ఆల్ఫా కప్పా ఆల్ఫా అమ్మాయిలు వచ్చారు, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో. మైక్ ముందు ఒకమ్మాయి ఊరికే సరదాకి "స్కీ-వీ" అంది. మిక్సర్ మీద లైట్లన్నీ ఒక్కసారి ఎర్రగా మారాయి. అంత సన్నగా, అంత ఎత్తులో ఉంటుంది ఆ కేక. హాలు ఆ చివర కూర్చుని ల్యాప్‌టాప్ చూసుకుంటున్న ఇంకో అమ్మాయి తలెత్తకుండానే అదే శ్రుతిలో జవాబిచ్చింది. నేను గెయిన్ తగ్గిస్తూ ఉండగా మా సూపర్‌వైజర్ నవ్వి, "విన్నావా, అది చప్పట్ల కోసం వేసిన కేక కాదు. ఎవరున్నారు అని అడిగింది, నేనున్నా అని చెప్పారు" అంది.

డెల్టాల కేక "ఊ-ఊప్". జీటాలది "ఈ-ఐ-కీ". సిగ్మా గామా రోలది "ఈ-యిప్". వీటిని ఇక్కడ రాస్తున్నాను గానీ నోటితో అనను. అప్పుడూ అనలేదు.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయని నేనే అడిగాను. కాగితం మీద పుట్టినవి కావనీ, ఒక తరం నోటి నుంచి ఇంకో తరం చెవికి చేరినవనీ ఆవిడ చెప్పింది. వెనక్కి వెళ్తే చర్చిలో పాస్టర్ ఒక మాట అనగానే జనమంతా తిరిగి అనడం ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే బానిసత్వం నాటి పొలాల కేకలున్నాయి. పత్తి చేలో దూరదూరంగా పనిచేసేవాళ్లు గొంతెత్తి ఒకరినొకరు పలకరించుకునేవాళ్లు. కేక వింటే మనిషెవరో తెలిసేంతగా ఎవరి బాణీ వాళ్లకుండేది. 1853లో దక్షిణ కరోలినా వెళ్లిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్, న్యూయార్క్ సెంట్రల్ పార్క్ రూపకర్తల్లో ఒకడైన ఆయనే, ఒక రాత్రి రైలు పని చేసే నల్లజాతి కూలీల మధ్య ఇలాంటి కేక విని రాసిపెట్టాడు. ఒకడు పొడవుగా, పైకి లేచి కిందికి దిగే రాగంతో ఎత్తుకుంటాడు, ఇంకొకడు అందుకుంటాడు, తర్వాత అందరూ. రిహార్సల్ హాల్లో నేను విన్నది కూడా అదే పద్ధతి.

సంఘాల చరిత్ర అయితే తారీఖులతో సహా ఉంది, ఆ చరిత్రలో గొడవలూ ఉన్నాయి. 1908లో హోవార్డ్‌లో ఎథెల్ హెజ్‌మన్ ముందుండి ఆల్ఫా కప్పా ఆల్ఫా మొదలుపెట్టింది. కాలేజీ చదివే నల్లజాతి ఆడపిల్లల మొట్టమొదటి సొరోరిటీ అది. 1913 వచ్చేసరికి అందులోని 22 మంది బయటికొచ్చి డెల్టా సిగ్మా థీటా పెట్టారు. వాళ్లు చేసిన మొదటి బహిరంగ కార్యక్రమం అదే సంవత్సరం మార్చి 3న వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపులో నడవడం. నల్లజాతి ఆడవాళ్లు వెనకెక్కడో నడిస్తే చాలన్న రోజులవి. 1922లో ఇండియానాపొలిస్‌లో ఏడుగురు టీచర్లు సిగ్మా గామా రో పెట్టినప్పుడు ఆ రాష్ట్రంలో నల్లవాళ్ల మీద దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ బలంగా ఉంది. ఇవన్నీ చెప్పి ఆవిడ, "హోటల్లో గది ఇవ్వని ఊళ్లో నీ కేకకు జవాబిచ్చే ఇల్లు ఒకటుంటే చాలు కదా" అంది. ఈ సంఘాలకుండే చేతి గుర్తులు బయటివాళ్లు పెడితే ఎందుకంత కోపం అని నేను అడగబోయిన ప్రశ్న ఆ మాటతో సగం తీరిపోయింది.

సగమే. ఎందుకంటే టెక్సస్‌లో చేతి గుర్తు అనేది గాలిలో ఉంటుంది. ఆస్టిన్ యూనివర్సిటీ వాళ్లది చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి పెట్టే కొమ్ములు. 1955లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు హార్లీ క్లార్క్ అనే చీర్‌లీడర్ విద్యార్థుల ముందు పెట్టి చూపించాడు. టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్లది బొటనవేలు. అది 1930 నాటిది. తమాషా ఏంటంటే రెండూ ఒకే ప్రత్యర్థి మీద మ్యాచ్ కోసమే పుట్టాయి, టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ. వాళ్ల గుర్తు కొమ్ముల బల్లి, ముద్దుపేరు కప్పలు. కప్పల్ని పొడిచే ఈటె పేరుతోనే ఎ అండ్ ఎమ్ నినాదం పుట్టింది. ఇవి ఎవరైనా పెట్టొచ్చు. టీషర్ట్ కొనుక్కున్న ప్రతివాడూ పెడతాడు. పుట్టిన పసిబిడ్డ చేతిని కూడా అలా మడిచి ఫొటో తీస్తారు. వాటి పక్కనే, చూడటానికి అంతే సాదాగా ఉండే ఇంకో చేతి గుర్తును సభ్యులు కానివాళ్లు తాకకూడదు. కొత్తగా వచ్చినవాడికి ఈ రెండింటి మధ్య తేడా ఎవరు చెప్తారు?

ఆ పని మా క్రూ మీదే పడింది. వాలంటీర్లకు చెప్పాల్సినవి నేను ఒక పేజీలో రాసి ఇచ్చాను. వరసగా నడుస్తూ నాట్యం చేసేటప్పుడు (దాన్ని స్ట్రోల్ అంటారు) ఆ వరసను ఎవరూ అడ్డంగా దాటొద్దు. స్టేజీ మీదికి పూలైనా మైకైనా పక్కనుంచే. ఫొటోలో గుర్తు పెట్టమని అడగొద్దు, వాళ్లు పెడితే మీరు చేతులు కిందే ఉంచండి. కేకకు కేకతో బదులివ్వొద్దు, చప్పట్లు ఎన్నైనా కొట్టొచ్చు. వాళ్ల గీతం పాడేటప్పుడు సభ్యులు గుండ్రంగా చేరతారు, ఆ కాసేపు రికార్డింగ్ ఆపాలి. ఈ చివరిది రెండు సంఘాలు ముందే రాసిచ్చాయి. గ్రీకు అక్షరాలున్న జాకెట్ నేల మీద పడుంటే తీసి కుర్చీ మీద పెట్టొచ్చు, చలేస్తోందని వేసుకోవద్దు. టెక్సస్ ఆగస్టులో చలి ఎక్కడిదని ఒకబ్బాయి అడిగాడు. ఏసీ హాల్‌కి వర్తిస్తుందని చెప్పాను.

షో సాయంత్రానికి జనం బాగానే వచ్చారు. నేను ఊహించనిది పెద్దవాళ్లు. అరవై, డెబ్బై ఏళ్ల ఆడవాళ్లు రంగులు వేసుకుని మొదటి వరసల్లో కూర్చున్నారు. ఈ సొరోరిటీల్లో సభ్యత్వం కాలేజీతో అయిపోదు. ఉద్యోగాల్లో చేరినవాళ్లకూ ఊరూరా శాఖలుంటాయి. చందా కడతారు, స్కాలర్‌షిప్పులు ఇస్తారు, ఓటరు నమోదు చేయిస్తారు. మనిషి పోయినప్పుడు చేసే సంస్మరణకు కూడా వాళ్ల పద్ధతి వేరే ఉంది. ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లు దాన్ని "గోడ దాటిన ఐవీ తీగ" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. స్టేజీ మీద పద్దెనిమిదేళ్ల పిల్ల కేక వేస్తే కింద చేతికర్ర పట్టుకున్నావిడ జవాబిస్తుంది, ఇద్దరి శ్రుతీ ఒకటే. మైకుల సంగతి మర్చిపోయి చూశాను ఆ కాసేపు.

మధ్యలో ఒక గడబిడ. బయటి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ ఒకతను మంచి యాంగిల్ కోసం స్ట్రోల్ చేస్తున్న వరస మధ్య నుంచి దూరి అటువైపు వెళ్లాడు. జనం నుంచి "ఓ" అని ఒక శబ్దం వచ్చింది. అది మెచ్చుకోలు కాదని భాష రానివాడికైనా అర్థమవుతుంది. అమ్మాయిలు అడుగు తప్పలేదు. వరసలో ముందున్నామె మాత్రం నాట్యంలోనే ఒక మలుపు తీసుకుని, వరస మొత్తాన్ని అతని చుట్టూ తిప్పి, మధ్యలో బంధించినట్టు చేసి వదిలేసింది. జనం గొల్లుమన్నారు. అతను మిగతా షో అంతా వెనక గోడ దగ్గరే నిలబడి తీశాడు. కోపాన్ని ఇలా కూడా చూపించొచ్చా అనిపించింది నాకు.

షో అయ్యాక క్రూ అంతా కలిసి ఫొటో దిగుతుంటే, కొత్తగా చేరిన మన తెలుగబ్బాయి ఒకడు, ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లు పెట్టడం చూసి ఉత్సాహంగా చిటికెనవేలు ఎత్తాడు. మన బళ్లలో క్లాసు మధ్యలో టీచర్‌కి చిటికెనవేలు చూపిస్తే దేనికో మీకు తెలుసు. అమెరికా వచ్చాక ఆ వేలికి ఇంత గౌరవం దక్కుతుందని ఎవరనుకుంటాం! పక్కనున్న అమ్మాయి ఏమీ అనకుండా నవ్వుతూ వాడి చేతిని కిందికి దించి, "బొటనవేలు పెట్టు, బావుంటావ్" అంది. వాడు బొటనవేలు పెట్టాడు. అప్పుడు ఎ అండ్ ఎమ్ అంటే పడని ఇంకొకడు అరిచాడు. టెక్సస్‌లో వేళ్లతో బతకడం కష్టం.

ఆ సెమిస్టర్‌లోనే ఒక ఆదివారం సూపర్‌వైజర్ నన్ను తన కారులో గ్రోసరీకి తీసుకెళ్లింది. ఆ రోజు డెల్టా టీషర్ట్ వేసుకుంది. పార్కింగ్‌లో సంచులు సర్దుతుంటే ఆ చివర ఎక్కడి నుంచో "ఊ-ఊప్" అని వినిపించింది. ఆవిడ చేతిలో పాల క్యాన్ కింద పెట్టి అదే కేక తిరిగి వేసింది. ఆ చివర ఒకావిడ చేయి ఊపి కారెక్కి వెళ్లిపోయింది. ఎవరు అని అడిగాను. "నాకూ తెలీదు" అంది, ట్రంక్ మూస్తూ.

బయటివాళ్లకు దీన్ని వినడం రాకపోతే ఏమవుతుందో 2019 జనవరిలో ఒక పెద్ద పత్రిక విలేఖరికి తెలిసొచ్చింది. కమలా హారిస్ 1980లలో హోవార్డ్‌లో చదువుతూ ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరిన మనిషి. దక్షిణ కరోలినాలో ఆ సొరోరిటీ విందుకు ఆమె వెళ్తే సభ్యులు స్కీ-వీ అన్నారు. ఆ విలేఖరి అది కీచుమంటూ అరవడమని ట్వీట్ చేసి, తిట్లు పడ్డాక సారీ చెప్పింది. 2024 జులైలో హారిస్ డల్లాస్‌లో తన సొరోరిటీ మహాసభలోనూ, అదే నెలలో ఇండియానాపొలిస్‌లో జీటాల సభలోనూ, హ్యూస్టన్‌లో సిగ్మా గామా రోల సభలోనూ మాట్లాడింది. శ్యామలా గోపాలన్ కూతురని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడు ఒకటే హడావుడి. ఆ హాళ్లలోని కేకల గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

అరువు తెచ్చుకోవడం గురించి కూడా ఆవిడతో చాలా వాదించాను. 2010లో అట్లాంటాలో స్ప్రైట్ కంపెనీ పెట్టిన జాతీయ స్టెప్ పోటీలో అర్కాన్సా యూనివర్సిటీ నుంచి వచ్చిన జీటా టౌ ఆల్ఫా మొదటి బహుమతి గెలిచింది. అది తెల్లమ్మాయిలు ఎక్కువగా ఉండే సొరోరిటీ. రెండో స్థానం ఇండియానా యూనివర్సిటీ ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లది. పెద్ద గొడవయింది. తర్వాత మార్కుల లెక్కలో తేడా ఉందని చెప్పి ఇద్దరినీ సమానంగా విజేతలన్నారు, చెరో లక్ష డాలర్ల స్కాలర్‌షిప్. నేను, బాగా చేస్తే గెలవకూడదా అన్నాను. "స్టెప్ నేర్చుకోవచ్చు, పోటీకి రావొచ్చు. మా కేక మాత్రం వాళ్లు వేయలేదు చూడు, ఆ మర్యాద వాళ్లకూ తెలుసు" అంది. ఆ జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా సరిపోలేదు. స్టెప్‌కి ఒక న్యాయం, కేకకి ఒక న్యాయం ఎందుకో ఆవిడకు స్పష్టంగానే ఉంది, నాకు లేదు.

నా కాన్వొకేషన్‌కి ఆవిడ వచ్చింది. పేర్లు అన్నీ అయ్యేదాకా చప్పట్లు వద్దని మైక్‌లో చెప్పారు. ఎవరూ వినలేదు. కొన్ని పేర్లకు స్కీ-వీ, కొన్నిటికి ఊ-ఊప్. నా పేరు చదవగానే పై గ్యాలరీ నుంచి మా రూమ్మేట్లు "జై బాలయ్య" అన్నారు. అది విని ఇంకెక్కడి నుంచో ముక్కూ మొహం తెలీని పదిమంది "జై జై బాలయ్య" అన్నారు. బయటికొచ్చాక ఆవిడ సీరియస్‌గా అడిగింది, అది మీ సంఘం కేకా అని. కాదు, సినిమా హీరో పేరు అన్నాను. ఎవరు అనొచ్చు అంది. ఎవరైనా, వేరే హీరో ఫ్యాన్స్ కూడా అంటారు అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి నేను?" అంది. నేర్పించాను. ఉచ్చారణ పర్లేదు.

మొన్న హ్యూస్టన్ పక్కన కేటీలో ఉండే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అక్కా, నేను దేశీ సొరోరిటీలో చేరదామనుకుంటున్నా, నువ్వేమంటావ్ అని. దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలు మూడు 1998లోనే ఐదు వారాల లోపు పుట్టాయి. నవంబర్‌లో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, డిసెంబర్‌లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, అదే నెలలో న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. అంతకు ముందు 1975లో న్యూజెర్సీలో మొదలైన లాటినా సొరోరిటీ లామ్డా థీటా ఆల్ఫా దారి చూపించింది. ఇలాంటి సంఘాల్లో చాలావాటికి ఇప్పుడు స్ట్రోల్, కేక, చేతి గుర్తు ఉన్నాయి. పిన్నికి భయమల్లా ర్యాగింగ్ గురించి. నల్లజాతి సంఘాలు 1990లోనే, చేరబోయేవాళ్లను పరీక్షించే పాత ప్లెడ్జింగ్ పద్ధతిని రద్దు చేసుకున్నాయి. టెక్సస్‌లో యూనివర్సిటీలు ఏ సంఘం మీద హేజింగ్ (అక్కడి ర్యాగింగ్) తేలిందో తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని చట్టం ఉంది. ఆ పేజీ తెరిచి చూడు, ఫీజు మొత్తం ఎంతో రాయించుకో, మీ స్ట్రోల్ ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడుగు అన్నాను.

అది నిజంగానే అడిగిందట. నల్లజాతి సొరోరిటీల నుంచి నేర్చుకున్నాం, వాళ్ల షోకి పిలిస్తేనే వెళ్తాం, వాళ్ల అడుగులు మా స్టేజీ మీద వేయం అని అక్కడి సీనియర్ ఒకమ్మాయి చెప్పిందట. ఆ జవాబు నచ్చి అప్పటికప్పుడే ఫామ్ నింపేసింది. పిన్నికి ఇంకా తెలీదు. నేను చెప్పాలట.